పాత కారు ఇంజిన్ ఓవర్‌హాల్: లోపలి పార్టులు కొలిచి జత కలపడం

ఓవర్‌హాల్ చేసిన ఇంజిన్‌లో నాలుగైదు వేల కిలోమీటర్లకే ఆయిల్ ప్రెషర్ పడిపోయినా, కింద నుంచి టకటక శబ్దం మొదలైనా అందరూ ముందు పార్టుల నాణ్యతనే అనుమానిస్తారు. చాలాసార్లు పార్టులు మంచివే, వాటి జతే కుదరలేదు. బేరింగ్ షెల్ (తిరిగే షాఫ్ట్‌ని మోసే అర్ధవృత్తపు రేకు) కొత్తదే, కానీ క్రాంక్ జర్నల్ (షెల్‌లో తిరిగే క్రాంక్ షాఫ్ట్ భాగం) దానికి తగ్గ సైజులో గ్రైండ్ కాలేదు. పిస్టన్ కొత్తదే, కానీ బోరు (సిలిండర్ రంధ్రం) కోసినవాళ్లు పెట్టె మీద అంకె చూశారు తప్ప చేతిలో ఉన్న పిస్టన్‌ని కొలవలేదు. క్యామ్ కొత్తదే, కానీ దానితో పాత ట్యాపెట్లే (క్యామ్ కదలికని వాల్వుల వైపు పంపే ముక్కలు) పెట్టారు. ఇంజిన్ లోపల ఏ పార్టునైనా పక్కన తిరిగే పార్టుతో కలిపి చూసినప్పుడే అది పనికొస్తుందో లేదో తెలుస్తుంది.

పాత ఇంజిన్లలో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. యాభై అరవై ఏళ్లలో ఎన్ని చేతులు మారిందో, లోపల ఏ ఇంజిన్ పార్టు వచ్చి చేరిందో బయటి నుంచి తెలియదు. ఒకే కుటుంబానికి చెందిన ఇంజిన్ల పార్టులు ఒకదాంట్లో ఒకటి దిగిపోతాయి కూడా. బ్రిటిష్ కంపెనీ బీఎంసీ తయారుచేసిన ఏ-సిరీస్ ఇంజిన్లనే తీసుకోండి. 998 సీసీ, 1098 సీసీ ఇంజిన్లు రెండింటి బోరూ 64.58 మి.మీ. స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) మాత్రం ఒకదానికి 76.2, మరోదానికి 83.72. రాడ్ పొడవు, బ్లాక్ ఎత్తు మారకపోతే స్ట్రోక్ తేడాలో సగం, అంటే 3.76 మి.మీ., పిస్టన్ ఎత్తులో సర్దుబాటు కావాలి. బోరులో చక్కగా దిగింది కదా అని పిస్టన్ బిగించేస్తే పైన హెడ్‌కి తగులుతుంది, లేదా కంప్రెషన్ అసలు రాదు. అందుకే పార్టు మీద నంబరు, దాని కొలత, పక్క పార్టుతో దాని క్లియరెన్స్ (మధ్యలో ఖాళీ) మూడూ చూసుకోవాలి.

పని వరుస కూడా ముఖ్యం. గుర్తులు పెడుతూ విప్పాలి, కడగాలి, కొలవాలి. ఆ తర్వాతే ఏం కొనాలో నిర్ణయించాలి. పార్టులు చేతికొచ్చాక వాటిని కొలిచి, ఆ కొలతకే మిషన్ షాపులో పని చేయించాలి. పని అయ్యాక మళ్లీ కొలవాలి. ఈ చివరి కొలత వదిలేసేవాళ్లే ఎక్కువ, నష్టమూ అక్కడే జరుగుతుంది. కింద ఇచ్చిన అంకెలు నీటితో చల్లబడే మామూలు పెట్రోల్ ఇంజిన్లకు సాధారణంగా సరిపోయేవి. మీ ఇంజిన్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి.

విప్పేటప్పుడే తెలిసే సంగతులు

కనెక్టింగ్ రాడ్, దాని క్యాప్ కలిపి బిగించి బోరు చేసిన జత అవి. మెయిన్ బేరింగ్ క్యాప్‌లూ అంతే, బ్లాక్‌కి బిగించి ఒకే వరుసలో లైన్ బోర్ చేస్తారు. ఒక క్యాప్ ఇంకోచోటికి మారినా, అదే చోట వెనక్కి తిరిగినా రంధ్రం గుండ్రంగా ఉండదు. నంబర్లు లేకపోతే విప్పకముందే రాడ్‌కీ క్యాప్‌కీ ఒకే వైపున, పక్కనున్న మందపాటి చోట, చిన్న చుక్కలు కొట్టండి. రాడ్ నడుము మీద మాత్రం పంచ్ పెట్టకండి, చీలిక అక్కడి నుంచే మొదలవుతుంది. ట్యాపెట్లు, పుష్ రాడ్లు, వాల్వులు ఏ సిలిండర్‌వి ఆ సిలిండర్ నంబరుతో అట్టపెట్టెలో రంధ్రాలు చేసి గుచ్చి ఉంచండి.

పాత షెల్స్ పారేయకండి. ఒక్కోదాన్ని తిప్పి వెనక చూస్తే సైజు ముద్ర ఉంటుంది: స్టాండర్డ్ అనో, 025 అనో, 010 అనో. మిల్లీమీటర్ లెక్కలో 0.25, అంగుళం లెక్కలో పది థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), దాదాపు ఒకటే కొలత. ముందు భాగం ఇంకా ఎక్కువ చెబుతుంది. బూడిద రంగు పొర పోయి కిందున్న రాగి రంగు మధ్యలో సమంగా కనిపిస్తే అది వయసు అరుగుదలే. పై షెల్‌లో ఒక అంచు, కింది షెల్‌లో దానికి ఎదురు అంచు అరిగితే రాడ్ వంగింది. ఒకే షెల్ రెండు అంచులూ మెరిసి మధ్యలో రంగు మారకుండా ఉంటే జర్నల్ మధ్యలో గుంట పడి ఉండవచ్చు, లేదా మూల వంపు మీద షెల్ కూర్చుని ఉండవచ్చు. షెల్ వీపు మీద ఒకచోట నల్లటి మచ్చ, దానికి నేరుగా ముందువైపు మెరిసే చుక్క కనిపిస్తే బిగించేటప్పుడు వెనక మట్టి రేణువు ఇరుక్కుంది. మెయిన్ షెల్స్ అన్నీ ఒకే క్రమంలో, మధ్యది ఎక్కువగా, చివరివి తక్కువగా అరిగితే క్రాంక్ వంగిందేమో, బ్లాక్ టన్నెల్ వరుస తప్పిందేమో చూడాలి. ఇవన్నీ రాసుకోండి. కొలతలతో ఇవి కలిస్తే కారణం దొరికినట్టే.

కొలిచే పనిముట్లు, వేడి

0.01 మి.మీ. చదివే మైక్రోమీటర్లు, డయల్ బోర్ గేజ్, స్టాండ్‌తో డయల్ గేజ్, ఫీలర్ గేజ్, మంచి స్ట్రెయిట్ ఎడ్జ్, ప్లాస్టిగేజ్ (నలిగిన వెడల్పుని బట్టి ఖాళీ చెప్పే మెత్తటి) తీగ, 0.1 గ్రాము చూపించే తూకం, బ్యూరెట్ (ద్రవం కొలిచే గాజు గొట్టం) ఉంటే ఈ పని మొత్తం చేయవచ్చు. బోర్ గేజ్ అంకెను సొంతంగా నమ్మకండి. మైక్రోమీటర్‌ను కావలసిన సైజుకి బిగించి, దాని మధ్య గేజ్‌ని పెట్టి సున్నా చేసుకోవాలి. అప్పుడు మైక్రోమీటర్‌లో చిన్న తప్పున్నా జర్నల్‌కీ షెల్‌కీ ఒకేలా పడి, క్లియరెన్స్ సరిగానే వస్తుంది.

కొలిచే వస్తువులన్నీ రాత్రంతా ఒకే గదిలో ఉండాలి. కొలతల ప్రమాణ ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. 80 మి.మీ. అల్యూమినియం పిస్టన్ 10 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.018 మి.మీ. పెరుగుతుంది, పోత ఇనుము బోరు అందులో సగమే పెరుగుతుంది. ఎండలో ఉన్న పిస్టన్‌ని తెచ్చి చల్లటి బ్లాక్‌తో పోల్చితే క్లియరెన్స్‌లో నాలుగో వంతు వరకు తప్పు రావచ్చు.

బోరు, పిస్టన్, రింగులు

బోరుని మూడు లోతుల్లో కొలవాలి: పై రింగు ఆగేచోటికి కొంచెం కింద, మధ్యలో, స్కర్ట్ (పిస్టన్ కింది భాగం) చివరన. ప్రతి లోతులో క్రాంక్ పొడవుకి సమాంతరంగా ఒకసారి, అడ్డంగా ఒకసారి. అరుగుదల పైన, అడ్డం దిశలో ఎక్కువ ఉంటుంది. పై రింగు ఆగేచోట వేడి ఎక్కువ, ఆయిల్ తక్కువ, గ్యాస్ ఒత్తిడి రింగుని గోడకేసి నొక్కుతుంది. ఎక్కువ తక్కువల తేడా 0.15 మి.మీ. దాటితే రీబోర్ (బోరుని పెద్ద సైజుకి కోయడం) తప్పదు. 0.08 లోపే ఉండి, గోడ మీద గోరు తగిలే గీత లేకపోతే హోనింగ్ (రాతితో సన్నగా రుద్దడం), కొత్త రింగులతో ఇంకా పని చేయించుకోవచ్చు. మధ్యలో ఉన్నదాన్ని ఆ కారు ఎంత తిరుగుతుందో చూసి తేల్చుకోవాలి. కానీ ఇంజిన్ మొత్తం విప్పి కూర్చున్నప్పుడు రీబోరే మేలు.

బోర్ గేజ్ లేనివాళ్లకి ఒక పద్ధతి ఉంది. పాత రింగు ఒకటి తీసుకుని, పిస్టన్ తలతో తోసి బోరులో సమంగా కూర్చోబెట్టి, పైన ఒకసారి, అరుగుదల లేని అడుగున ఒకసారి గ్యాప్ చూడండి. రెండు గ్యాప్‌ల తేడాని 3.14తో భాగిస్తే టేపర్ (పైకీ కిందికీ వ్యాసంలో తేడా) వస్తుంది. పైన 0.70, కింద 0.32 ఉంటే తేడా 0.38, టేపర్ 0.12 మి.మీ. కోలతనం దీంతో తెలియదు కానీ, నిర్ణయానికి సరిపడే సమాచారం దొరుకుతుంది.

అరిగిన బోరు పైన మెట్టు మిగులుతుంది. పాత పై రింగు అంచు ఆ మెట్టుకి తగ్గట్టే అరిగి గుండ్రమై ఉంటుంది. కొత్త రింగు అంచు పదునుగా ఉండి ఆ మెట్టుకి కొట్టుకుంటుంది, రింగు విరుగుతుంది లేదా పిస్టన్‌లో రెండో రింగు పైనున్న గట్టు పగులుతుంది. అందుకే రీబోర్ చేయకుండా రింగులు మారిస్తే మెట్టుని రీమర్‌తో తీయాలి, లేదా పై అంచు కోసిన ప్రత్యేక రింగు వాడాలి.

రీబోర్ అయితే పిస్టన్లు ముందు రావాలి, బోరు తర్వాతే. ఒకే 0.50 ఓవర్ సైజు అని ఉన్నా ఇద్దరు తయారీదార్ల పిస్టన్లకి కావలసిన క్లియరెన్స్ వేరుగా ఉంటుంది. లోహం మారుతుంది, స్కర్ట్ ఆకారం మారుతుంది. పిస్టన్ గుండ్రంగా ఉండదు. గజన్ పిన్ (పిస్టన్‌ని రాడ్‌కి కలిపే పిన్) దిశలో సన్నగా, దానికి అడ్డంగా వెడల్పుగా, పైన సన్నగా, కింద వెడల్పుగా ఉంటుంది. కాబట్టి గజన్ పిన్‌కి 90 డిగ్రీల్లో, తయారీదారు చెప్పిన ఎత్తులో, మామూలుగా స్కర్ట్ అడుగుకి దగ్గర్లో, కొలవాలి. ప్రతి పిస్టన్ మీద దాని సిలిండర్ నంబరు రాసి, కొలత చీటీతో సహా మిషన్ షాపుకి ఇవ్వండి. చివరి 0.05 నుంచి 0.08 మి.మీ. వరకు హోనింగ్‌తో తీయమనండి. బోరింగ్ టూల్ వదిలిన చిరిగిన పొర అప్పుడే పోతుంది.

రింగు గ్యాప్ ప్రతి 25 మి.మీ. బోరుకి 0.08 నుంచి 0.10 మి.మీ. ఉండాలి. 80 మి.మీ. బోరుకి 0.26 నుంచి 0.32. వేడికి రింగు సాగి రెండు కొనలూ ఒకదానికొకటి తగిలితే గోడను చీరేస్తుంది. కాబట్టి కొంచెం ఎక్కువైనా ఫర్వాలేదు, తక్కువ మాత్రం కాకూడదు. కొన అరగదీసేటప్పుడు ఫైలు బయటి అంచు నుంచి లోపలికే పోవాలి, ఎదురు దిశలో తీస్తే క్రోమ్ పొర లేస్తుంది. గాడిలో రింగు పక్క క్లియరెన్స్ 0.04 నుంచి 0.08. పాత పిస్టన్ వాడుతున్నప్పుడు పై గాడిలో 0.15 దాటితే ఆ పిస్టన్ పక్కన పెట్టేయండి. గాడి గంటలాగా తెరుచుకున్నాక కొత్త రింగు అందులో ఊగుతూ ఆయిల్‌ని పైకి తోడుతుంది.

హోనింగ్ అయ్యాక బోరుని వేడి సబ్బు నీళ్లతో, గట్టి బ్రష్‌తో కడగాలి. కిరోసిన్, పెట్రోల్ రాతి పొడిని గీతల్లోంచి బయటికి లాగలేవు. కడిగి ఆరబెట్టి, ఆయిల్ అద్దిన తెల్ల గుడ్డతో తుడిస్తే గుడ్డ నల్లబడకూడదు. నల్లబడితే మళ్లీ కడగండి.

లైనర్లు (విడిగా దించే సిలిండర్ గొట్టాలు) నీటిలో కూర్చునే ఇంజిన్లకు అదనంగా ఒక కొలత ఉంది. ట్రయంఫ్ టీఆర్2 నుంచి టీఆర్4 దాకా వాడిన ఇంజిన్‌లో లైనర్ అంచు బ్లాక్ పైన 0.08 నుంచి 0.13 మి.మీ. పొడుచుకు రావాలి. నాలుగూ సమంగా లేకపోతే హెడ్ గాస్కెట్ నిలవదు. కింది గాస్కెట్ మందం మార్చి సరిచేసి, లైనర్లు కదలకుండా పట్టీలు బిగించాకే క్రాంక్ తిప్పాలి.

క్రాంక్, షెల్స్

ఈ భాగానికి మిగతా అన్నిటికన్నా ఎక్కువ సమయం కేటాయించండి. ముందు చీలికలు. క్రాంక్‌ని బాగా కడిగి, తాడుతో వేలాడదీసి చిన్న సుత్తితో తడితే ఖంగుమని మోగాలి. మొద్దు శబ్దం వస్తే చీలిక ఉండవచ్చు. మోగినంత మాత్రాన చీలిక లేదని కాదు, మాగ్నెటిక్ పరీక్ష చేయించాల్సిందే. గ్రైండింగ్‌కి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చేయిస్తే డబ్బు వృథా కాదు.

ప్రతి జర్నల్‌ని రెండు చివర్ల దగ్గరా, ప్రతి చోటా 90 డిగ్రీల తేడాతో రెండుసార్లు కొలవండి. కోలతనం గానీ టేపర్ గానీ 0.025 మి.మీ. దాటితే గ్రైండింగ్. రెండు చివరి మెయిన్లను వీ-బ్లాకుల మీద పెట్టి మధ్య మెయిన్ మీద డయల్ గేజ్ ఆనించి తిప్పితే, ముల్లు మొత్తం కదలిక 0.05 లోపు ఉండాలి. ఒక్క క్రాంక్ పిన్ (రాడ్ పట్టుకునే జర్నల్) పాడైనా పిన్లు అన్నీ ఒకే సైజుకి గ్రైండ్ చేయించండి. మెయిన్లు బాగుంటే వాటిని ముట్టుకోనవసరం లేదు.

గ్రైండింగ్ అయ్యాక సైజొక్కటే చూసి తెచ్చుకోకండి. జర్నల్ మూలన వంపు తిరిగే చోటుని రేడియస్ గేజ్‌తో చూడండి. పదునైన మూల మిగిలితే క్రాంక్ అక్కడే విరుగుతుంది. వంపు మరీ పెద్దదైతే షెల్ అంచు దాని మీద ఎక్కి కూర్చుంటుంది. ఆయిల్ రంధ్రాల అంచులు పదును లేకుండా రుద్ది ఉండాలి. పుట్టుకతో నైట్రైడ్ చేసిన (పై పొర గట్టిపరిచిన) క్రాంక్ అయితే గ్రైండింగ్‌తో ఆ గట్టి పొర పోవచ్చు, మళ్లీ చేయించాల్సి ఉంటుందేమో అడగండి. ఆయిల్ దారుల మూతలు విప్పి లోపల బ్రష్ పెట్టి కడగాలి. పాత మడ్డి, కొత్త గ్రైండింగ్ పొడి రెండూ అక్కడే దాక్కుంటాయి. మూతలు విప్పకుండా ఇంజిన్ మూసేస్తే మొదటి గంటలోనే ఆ పొడి కొత్త షెల్స్ మీదికి వస్తుంది.

క్లియరెన్స్‌కి మొదటి అంచనా: జర్నల్ వ్యాసంలో వెయ్యో వంతు. 50 మి.మీ. జర్నల్‌కి 0.05. సరైన కొలత ఇలా తీయాలి. జర్నల్‌ని మైక్రోమీటర్‌తో కొలిచి, అదే మైక్రోమీటర్‌లో బోర్ గేజ్‌ని సున్నా చేయండి. షెల్స్ వీపు, కూర్చునే గూడు పొడిగా తుడిచి, క్యాప్‌ని పూర్తి టార్క్‌కి (మాన్యువల్ చెప్పిన బిగింపు బలానికి) బిగించి, లోపల గేజ్ పెట్టండి. నిలువుగా, రాడ్ పొడవు దిశలోనే కొలవాలి. రెండు షెల్స్ కలిసేచోట వాటిని కావాలనే పల్చగా చేస్తారు, అక్కడ కొలిస్తే లేని లూజు కనిపిస్తుంది.

ప్లాస్టిగేజ్ వాడితే జర్నల్ పొడవునా తీగ ముక్క పెట్టి, ఆయిల్ లేకుండా, క్యాప్‌ని టార్క్‌కి బిగించి విప్పాలి. మధ్యలో క్రాంక్ కొంచెం తిరిగినా ఆ కొలత పనికిరాదు. తీగ ఎంత వెడల్పుగా నలిగితే క్లియరెన్స్ అంత తక్కువ. ఒక చివర వెడల్పుగా, మరో చివర సన్నగా ఉంటే టేపర్. నేను బోర్ గేజ్ కొలతనే ప్రధానంగా తీసుకుని ప్లాస్టిగేజ్‌తో సరిచూసుకోమంటాను. రెండూ 0.01 లోపు కలిస్తే నిశ్చింతగా ముందుకెళ్లవచ్చు.

క్లియరెన్స్ ఎందుకింత ముఖ్యమంటే, బేరింగ్ పక్కల నుంచి కారే ఆయిల్ క్లియరెన్స్ ఘనానికి తగ్గట్టు పెరుగుతుంది. 0.05 బదులు 0.10 ఉంటే రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు కారుతుంది. పంపు దగ్గర ప్రెషర్ బాగానే కనిపించినా దూరంగా ఉన్న బిగ్ ఎండ్‌కి (రాడ్ పెద్ద తల బేరింగ్‌కి) ఆయిల్ అందదు. తక్కువైతే పొర నిలవక షెల్ పట్టేస్తుంది. కొలత తక్కువ వస్తే షెల్ వెనక మురికి ఉందేమో, క్యాప్ తిరగేసి పెట్టారేమో, షెల్ సైజు వేరేమో వరుసగా చూడండి. ఎక్కువ వస్తే గూడుని షెల్స్ లేకుండా బిగించి కొలవండి. గూడు సాగి ఉంటే రాడ్‌ని రీసైజ్ చేయించాలి. క్యాప్ ముఖాన్ని ఫైలుతో రాసి లూజు తగ్గించే పాత అలవాటు పూర్తిగా మానుకోండి. గూడు కోలగా మారుతుంది, షెల్ నలిగిపోతుంది. షెల్ రెండు చివరలూ గూడు అంచు కన్నా వెంట్రుకవాసి పైకి ఉండేలా తయారుచేస్తారు. క్యాప్ బిగిసినప్పుడు షెల్‌ని గట్టిగా పట్టుకునేది ఆ కొంచెం ఎత్తే.

చివరగా ముందు వెనకల ఆట. డయల్ గేజ్‌ని క్రాంక్ చివర ఆనించి స్క్రూ డ్రైవర్‌తో ముందుకీ వెనక్కీ తోయండి. చాలా ఇంజిన్లకి 0.05 నుంచి 0.20 మధ్య సరిపోతుంది. త్రస్ట్ వాషర్ల గాడులున్న వైపు క్రాంక్ వైపుకే ఉండాలి, తిరగేస్తే ఆయిల్ చేరక వెంటనే అరిగిపోతాయి. గాలితో చల్లబడే ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఇంజిన్‌లో ఈ ఆట 0.07 నుంచి 0.13. అక్కడ దాన్ని మూడు షిమ్‌లతోనే సర్దాలి, రెండూ కాదు, నాలుగూ కాదు.

రాడ్లు, బరువులు

కొత్త షెల్స్ పెట్టేముందు రాడ్లు వంగాయా, మెలిపడ్డాయా అని అలైన్‌మెంట్ జిగ్ మీద చూడాలి. 100 మి.మీ. దూరానికి 0.05 దాటితే సరిచేయించాలి లేదా మార్చాలి. రాడ్ బోల్టులు పాతవైతే వాటి పొడవుల్ని ఒకదానితో ఒకటి పోల్చండి. ఒక్కటి కొంచెం పొడవున్నా అది సాగినట్టే. మరలు వేలితో చివరిదాకా తిరగాలి. నా మాట వింటే ప్రతి ఓవర్‌హాల్‌కీ బోల్టులు, నట్లు కొత్తవే వేయండి. ఇంజిన్ మొత్తంలో అన్నిటికన్నా ఎక్కువ లాగుడు పడేది వాటి మీదే.

బరువులు కలపడంలో ఒక మర్మం ఉంది. రాడ్ పెద్ద తల క్రాంక్‌తో పాటు తిరుగుతుంది, చిన్న తల పిస్టన్‌తో పాటు పైకీ కిందికీ పోతుంది. మొత్తం బరువు ఒకటైతే చాలదు, ఈ రెండు చివరలూ వేరువేరుగా కలవాలి. ఒక చివరని సన్నటి రాడ్ మీద వేలాడదీసి, రాడ్ అడ్డంగా ఉండేలా చూసి, మరో చివరని తూకం మీద ఆనించండి. నాలుగు రాడ్లనూ ఒకే అమరికలో తూయాలి. పెద్ద తలల్లో తేలికైనదాన్ని ఆధారంగా తీసుకుని మిగతా వాటి క్యాప్ అడుగున ఉండే దిమ్మె నుంచి లోహం తీయండి. తర్వాత చిన్న తలల సంగతి.

చిన్న తలల దగ్గర గ్రైండర్ పట్టుకునే ముందు కాగితం మీద లెక్క వేయండి. పిస్టన్, పిన్, రింగులు కలిపి 412, 415, 410, 413 గ్రాములు వచ్చాయనుకుందాం. చిన్న తలలు 168, 166, 170, 167. బరువైన పిస్టన్‌ని తేలికైన రాడ్‌తో జత చేస్తే 412కి 168, 415కి 166, 410కి 170, 413కి 167. మొత్తాలు 580, 581, 580, 580. ఒక్క మిల్లీగ్రాము తీయకుండానే అన్నీ ఒక గ్రాము లోపు వచ్చేశాయి. రోడ్డు మీద తిరిగే కారుకి ఇది చాలు. అయితే ఈ జతలు బోరింగ్‌కి ముందే తేలాలి, బోరు ఏ పిస్టన్‌కి చేశారో ఆ పిస్టన్‌కే చెందుతుంది. రాడ్ మీద గీతలు రుద్దాల్సి వస్తే పొడవు దిశలోనే రుద్దండి, అడ్డ గీత చీలికకి దారి.

గజన్ పిన్ బొటనవేలితో తోస్తే నూనె పూసిన పిస్టన్‌లోకి పోవాలి, తనంతట తాను జారిపడకూడదు. పిస్టన్ తల మీద బాణం ముందువైపుకే ఉండాలి. చాలా పిస్టన్లలో పిన్ మధ్యలో ఉండదు, కొంచెం పక్కకి ఉంటుంది. తిరగేస్తే చల్లటి ఇంజిన్‌లో పిస్టన్ గోడకి కొట్టుకునే శబ్దం వస్తుంది. సర్‌క్లిప్‌లు ఎప్పుడూ కొత్తవే.

క్యామ్, ట్యాపెట్లు

పాత తరహా చదును ట్యాపెట్ అడుగు నిజానికి చదును కాదు. చాలా ఇంజిన్లలో అది కాస్త ఉబ్బెత్తుగా, క్యామ్ లోబ్ (క్యామ్ మీద ఉబ్బెత్తు భాగం) కాస్త ఏటవాలుగా ఉంటాయి. ట్యాపెట్ తిరుగుతూ పని చేయడానికే ఈ ఏర్పాటు. కొత్త ట్యాపెట్ అడుగున స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే అంచుల దగ్గర సన్నటి వెలుగు గీత కనిపిస్తుంది. పాతదాని మధ్యలో వెలుగు కనిపిస్తే అది గుంట పడింది, దాన్ని పారేయండి. పాత ట్యాపెట్లు పాత లోబ్ మీదే, అదే వరుసలో వాడవచ్చు. కొత్త క్యామ్‌కి కొత్త ట్యాపెట్లే. ఈ ఒక్క నియమం తప్పితే కొన్ని గంటల్లోనే లోబ్ గుండ్రమైపోతుంది.

ప్రతి లోబ్ ఎత్తునీ డయల్ గేజ్‌తో చూసి, ఇన్‌లెట్ లోబ్‌లను ఇన్‌లెట్‌తో, ఎగ్జాస్ట్‌ను ఎగ్జాస్ట్‌తో పోల్చండి. ఏదైనా 0.10 మి.మీ. కన్నా ఎక్కువ తక్కువైతే క్యామ్ మార్చాలి.

హెడ్, కంప్రెషన్ లెక్క

హెడ్ ముఖం మీద స్ట్రెయిట్ ఎడ్జ్‌ని పొడవుగా, అడ్డంగా, ఐమూలగా పెట్టి ఫీలర్ దూర్చి చూడండి. నాలుగు సిలిండర్ల హెడ్ పొడవునా 0.10 వరకు సహించవచ్చు. గైడ్‌లో వాల్వ్ కాడ క్లియరెన్స్ ఇన్‌లెట్‌కి 0.03 నుంచి 0.06, ఎగ్జాస్ట్‌కి కొంచెం ఎక్కువ. గైడ్లు మార్చాకే సీట్లు కోయాలి, ఎందుకంటే సీటు కోసే పనిముట్టు గైడ్‌ని ఆధారంగా చేసుకునే సరిగ్గా మధ్యలో నిలుస్తుంది. సీటు కోసినకొద్దీ వాల్వ్ లోపలికి దిగి, కాడ పైకి లేచి, స్ప్రింగ్ వదులవుతుంది. బిగించిన ఎత్తు కొలిచి కింద షిమ్ వేసి సరిచేయండి. వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు స్ప్రింగ్ చుట్ల మధ్య మొత్తం కనీసం 1 మి.మీ. ఖాళీ మిగలాలి.

ఇప్పుడు హెడ్‌లో ఇంధనం మండే గదుల ఘనపరిమాణం. వాల్వులకి సన్నగా గ్రీజు పూసి, స్పార్క్ ప్లగ్ బిగించి, రంధ్రం ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ పలకని గది మీద అంటించి, బ్యూరెట్‌తో రంగు కలిపిన కిరోసిన్ నింపండి. గాలి బుడగ మిగలకుండా హెడ్‌ని కొంచెం వాల్చి ఉంచాలి. గదులన్నీ 0.5 సీసీ లోపు కలవాలి. పెద్దదాన్ని చిన్నది చేయలేం, కాబట్టి చిన్నవాటినే పెద్దదాని దాకా తేవాలి.

కంప్రెషన్ లెక్కని ఒక ఉదాహరణతో చూడండి. బోరు 80, స్ట్రోక్ 80 మి.మీ. అయితే ఒక సిలిండర్ 402 సీసీ. గది 43, నలిగిన గాస్కెట్ మందం 0.9 మి.మీ. అయితే (దాని రంధ్రం బోరు కన్నా కొంచెం పెద్దది) దానివి 4.75, పిస్టన్ 0.5 మి.మీ. కింద ఆగితే 2.5, మొత్తం 50.3 సీసీ. 402కి 50.3 కలిపి, 50.3తో భాగిస్తే 9.0. ఇప్పుడు 0.50 ఓవర్ సైజుకి బోరు చేస్తే సిలిండర్ 407 సీసీ, నిష్పత్తి 9.1. హెడ్‌ని 0.5 మి.మీ. స్కిమ్ చేస్తే (ముఖాన్ని కోసి చదును చేస్తే) గదిలో సుమారు 2 సీసీ పోతుంది, నిష్పత్తి 9.4. ఎవరూ నిర్ణయించకుండానే ఇంజిన్ 9.0 నుంచి 9.4కి వెళ్లిపోయింది. పాత ఇగ్నిషన్ టైమింగ్‌తో అది నాక్ చేయవచ్చు (ఇంధనం అదుపు తప్పి మండి కొట్టుకునే శబ్దం రావచ్చు). కాబట్టి స్కిమ్ చేయించేముందే ఈ లెక్క వేసుకోండి. ఓవర్ హెడ్ క్యామ్ ఇంజిన్ అయితే స్కిమ్ వల్ల క్యామ్ కిందికి దిగి వాల్వ్ టైమింగ్ కూడా మారుతుంది. ఓవర్ సైజు బోరుకి గాస్కెట్ రంధ్రం సరిపోతుందో పెట్టి చూడండి, గాస్కెట్ అంచు బోరులోకి పొడుచుకొస్తే కాలిపోతుంది.

ఆయిల్ పంపు

రోటార్ రకం పంపులో స్ట్రెయిట్ ఎడ్జ్ కింద రోటార్ పై ఖాళీ 0.12, రెండు రోటార్ల పళ్ల మధ్య 0.15, బయటి రోటార్‌కీ బాడీకీ మధ్య 0.25 దాటితే పంపు మార్చండి. మూత మీద గుండ్రటి గీతలు పడితే సమంగా రుద్ది చదును చేయవచ్చు. రిలీఫ్ వాల్వ్ ప్లంజర్ ఆగకుండా జారాలి.

ఉత్తుత్తి బిగింపు

సీళ్లు, రింగులు లేకుండా క్రాంక్‌ని మెయిన్లలో ఆయిల్ వేసి పెట్టి, ఒక్కో క్యాప్ టార్క్‌కి బిగించిన వెంటనే చేత్తో తిప్పండి. ఏ క్యాప్ దగ్గర బరువెక్కితే తప్పు అక్కడే ఉంది. తర్వాత ఒకే పిస్టన్, రాడ్ జతని వరుసగా నాలుగు బోరుల్లోనూ పెట్టి, టీడీసీలో (పిస్టన్ అన్నిటికన్నా పైకి వచ్చే స్థానంలో) పిస్టన్ బ్లాక్ ముఖానికి ఎంత కిందుందో డయల్ గేజ్‌తో చూడండి. గేజ్ గజన్ పిన్‌కి నేరుగా పైన ఉండాలి, అంచున పెడితే పిస్టన్ ఊగి తప్పు చెబుతుంది. ఇక్కడ వచ్చే తేడా బ్లాక్‌ది లేదా క్రాంక్ స్ట్రోక్‌ది. ఆ తర్వాత నాలుగు జతల్నీ ఒకే బోరులో వరుసగా పెట్టి చూడండి, ఇప్పుడొచ్చే తేడా రాడ్లదీ పిస్టన్లదీ. రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టుకుంటే పొట్టి జతని ఎత్తు తక్కువున్న బోరుకి ఇచ్చి చాలా తేడా సర్దేయవచ్చు. అయితే రీబోర్ చేసేటప్పుడు ఇది కూడా బరువుల లెక్కతో పాటే, బోరింగ్‌కి ముందే, పాత బోరుల్లో పాత పిస్టన్‌తో చేసుకోవాలి, ఓవర్ సైజు పిస్టన్లు వాటిలో దిగవు.

క్యామ్ గానీ హెడ్ గానీ మార్చినప్పుడు పిస్టన్ తల మీద మెత్తటి బంకమట్టి పెట్టి, హెడ్ బిగించి, రెండు చుట్లు తిప్పి విప్పి, మట్టిని కోసి మందం కొలవండి. ఇన్‌లెట్ వైపు 2 మి.మీ., ఎగ్జాస్ట్ వైపు 2.5 మిగిలితే భయం లేదు.

అసలు బిగింపు పూర్తయ్యాక స్టార్ట్ చేసేముందు, పంపుని బయటి నుంచి తిప్పే వీలుంటే డ్రిల్‌తో తిప్పి, లేకపోతే ప్లగ్గులు తీసి స్టార్టర్‌తో తిప్పి, గేజ్‌లో ప్రెషర్ కనిపించేదాకా ఆయిల్ ఎక్కించండి. కొత్త క్యామ్ అయితే స్టార్టర్ పద్ధతి వద్దు, ఆ నెమ్మది తిప్పుడుకి లోబ్ మీది గ్రీజు పోతుంది. స్టార్ట్ అయిన వెంటనే 2000 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్య, జింక్ ఎక్కువున్న ఆయిల్‌తో, 20 నిమిషాలు నడపండి, ఐడిల్‌లో వదలకండి. మొదటి ఆయిల్ మార్చినప్పుడు ఫిల్టర్‌ని కోసి కాగితం మడతలు విప్పి అయస్కాంతం పెట్టండి. అంటుకునే రవ్వలు వస్తే క్యామ్, ట్యాపెట్లు, రింగులు చూడాలి. అంటుకోని మెరిసే రేకులైతే షెల్స్‌వో పిస్టన్లవో అయి ఉంటాయి, బిగ్ ఎండ్ ఒకటి విప్పి చూసేదాకా ఆ ఇంజిన్‌ని రోడ్డు మీదికి తీసుకెళ్లకండి.